కారు క్రిందకు దూరని జాకీ

సూరత్ నగరపు సంపదకు రెండు ముఖాలున్నాయి. ఒకటి వజ్రం, రెండవది వస్త్రం. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది పాళ్ళు ఈ ఊరి పనివారి చేతుల మీదుగానే పోతాయని ప్రతీతి. 2023 డిసెంబరులో ప్రధానమంత్రి ప్రారంభించిన వజ్రాల బూర్స్ భవనం విస్తీర్ణంలో ప్రపంచంలోని పెద్ద కార్యాలయ భవనాల సరసన నిలిచింది. అయితే ఈ సంపద పగటివేళ కంటికి కనిపించదు. కాగితపు పొట్లాలలో, రింగురోడ్డు మార్కెట్లలోని చీరల మూటలలో ఒదిగి ఉంటుంది. సాయంకాలమయ్యాక డూమస్ రోడ్డు మీదికి వస్తుంది. పొంచి ఉన్న పులివలె నేలను కరచుకొని సాగే స్పోర్ట్సు కార్లను అక్కడ చూడవచ్చు.

అటువంటి కార్లు తిరగడానికి అనువైన రోడ్లు ఆ ఊరికి ఊరకే రాలేదు. 1994లో వచ్చిన ప్లేగుతో సూరత్ పేరు ప్రపంచమంతటా మురికికి మారుపేరైంది. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆక్రమణలు తొలగించి, వీధులు వెడల్పు చేయించి, చెత్త ఎత్తే పద్ధతిని మార్చి నగరపు రూపునే మార్చివేశారు. ఆ కథ వేరు. ఇక్కడి ప్రసంగం అంతకంటె చాల చిన్న వస్తువును గురించి. వెడల్పైన రోడ్డు మీద కూడ మేకులుంటాయి. మేకు దిగిన టైరు విప్పాలంటే కారును పైకెత్తాలి. ఎత్తడానికి జాకీ కావాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రోడ్డు ప్రక్కన టైర్లు బాగుచేసేవాని వద్ద ఉండేది సామాన్యంగా బాటిల్ జాకీ. సీసావలె నిలువుగా ఉంటుంది గనుక ఆ పేరు. సరకుతో నిండిన లారీని కూడ అది అవలీలగా లేపుతుంది. కాని పూర్తిగా దించినప్పుడు సైతం దాని ఎత్తు పదిహేను నుండి ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. స్పోర్ట్సు కారుకు, నేలకు నడుమ ఉండే ఖాళీ పది, పన్నెండు సెంటీమీటర్లు. పది టన్నుల లారీని ఎత్తిన వీరుడు టన్నున్నర కారు ముందు చేతులు కట్టుకొని నిలబడవలసి వస్తుంది. బలం చాలక కాదు, లోనికి దూరే దారి లేక.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వలస వెళ్ళి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఉన్నాయి. అక్కడి తెలుగువాడైనా, విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ అయినా, ఈ పరికరాన్ని ‘జాకీ’ అనే అంటాడు. దానికి మూలమైన ‘జాక్’ అనే మాట ఇంగ్లీషువారికి ఒకప్పుడు మన ఎల్లయ్య, పుల్లయ్యల వంటి పేరు. ఇంట్లో బరువులు మోసే పనివాడెవడైనా వారికి జాకే. మనిషి చేసే చాకిరీని యంత్రం చేయసాగిన తరువాత ఆ పేరు యంత్రానికి అంటుకుంది. కారులోని అదనపు చక్రాన్ని మనవారు ‘స్టెప్నీ’ అనడం వెనుక కూడ ఇటువంటి చరిత్రే ఉంది. వేల్సు దేశంలో లనెల్లి అనే ఊరు ఒకటి ఉంది. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. 1904 ప్రాంతంలో ఆ ఊరి స్టెప్నీ వీధిలోని సోదరులిద్దరు అటువంటి చక్రాన్ని తయారుచేసి అమ్మనారంభించారు. ఆ వీధి పేరు ఇంగ్లండులో దాదాపు మరుగునపడినా, మన లారీ డ్రైవర్ల నాలుకల మీద నిలిచిపోయింది. నేటి స్పోర్ట్సు కార్లలో అనేకం మళ్ళీ 1904కు పూర్వపు స్థితికి చేరుకోవడం ఒక వింత. వాటిలో స్టెప్నీ ఉండదు, జాకీ ఉండదు. టైరులోనికి ఎక్కించే జిగురు ద్రవం సీసా ఒకటి, గాలి కొట్టే చిన్న యంత్రం ఒకటి ఇచ్చి తయారీదారు చేతులు దులుపుకుంటాడు. టైరు ప్రక్కగోడ చీలిందా, ఆ జిగురు ఎందుకూ పనికిరాదు. బల్లపరుపు లారీని పిలిపించి కారును ఎక్కించుకొని పోవలసిందే.

కనుక ఈ కార్ల యజమాని జాకీ కొనేది దారిలో వాడుకోవడానికి కాదు, ఇంటి వద్ద వాడుకోవడానికి. చక్రాలు మార్చడం, బ్రేకులు చూచుకోవడం, ఆయిలు దించడం వంటి పనులకు అది కావాలి. కొనదగినది ట్రాలీ జాకీ. ఇది చిన్న చక్రాల మీద దొర్లుతుంది. పడుకున్న మొసలివలె ఉండి, పిడి ఆడించినకొద్దీ తల పైకెత్తుతుంది. సాధారణమైన ట్రాలీ జాకీ తల కనీసపు ఎత్తు పదమూడు, పదునాలుగు సెంటీమీటర్లు. తక్కువ ఎత్తు కార్లకని ప్రత్యేకంగా చేసేవాటిలో అది ఏడున్నర నుండి తొమ్మిది సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఈ అయిదు సెంటీమీటర్ల తేడా కోసమే ఎక్కువ ధర పెట్టవలసి వస్తుంది.

ఇంత చిన్న పరికరం అంత బరువును ఎత్తడంలోని రహస్యాన్ని కనుగొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్. ఆయన 1662లో మరణించగా, ద్రవాల సమతౌల్యాన్ని గురించిన గ్రంథం మరుసటి ఏడు వెలువడింది. మూసివున్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుందన్నది అందులోని సారం. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం గల సన్నని ముషలకం మీద యాభై కిలోల బలం ప్రయోగిస్తే, అదే నూనెకు ఆవలివైపున ఉన్న ఇరువది చదరపు సెంటీమీటర్ల ముషలకం వెయ్యి కిలోలను మోస్తుంది. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు గనుక, పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది ఇరువది సెంటీమీటర్లు కదలాలి. అందుకే పిడిని అన్నిసార్లు ఆడించవలసి వస్తుంది.

ఈ సూత్రాన్ని పనిలో పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా. తన ప్రెస్సుకు ఆయన 1795లో పేటెంటు పొందారు. ముషలకం ప్రక్కల నుండి నీరు కారిపోకుండా ఆపడం మొదట పెద్ద సమస్య అయింది. ఆయన వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలుతో గిన్నె ఆకారపు పట్టీ చేసి ఆ లోపం తీర్చాడని చెబుతారు. ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ తోలు గోడకు మరింతగా అదుముకొనేది. అటువంటి ప్రెస్సులే తరువాత పత్తిని బేళ్ళుగా బిగించాయి. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861–65 నడుమ అక్కడి పత్తి అందక, లాంకషైరు మిల్లులు మన పొట్టిపింజ పత్తి మీద ఆధారపడినప్పుడు, భారతదేశంలో ఏ మూల పండినదానినైనా వారు ‘సూరత్’ అనే పిలిచేవారు. అంతకు కొంత ముందుగా, 1851లో, న్యూయార్కులో రిచర్డ్ డడ్జియన్ ఆ ప్రెస్సునే చేత మోయగల జాకీగా మలచి పేటెంటు తీసుకున్నాడు. ఒకే సూత్రం ఒకచోట పత్తిని క్రిందికి అణచింది, మరొకచోట బరువులను పైకి లేపింది. ఆంధ్రదేశంలో రోడ్లు ఎత్తు పెరిగి ఇళ్ళు పల్లమైపోయినప్పుడు, గోడల క్రింద వందలకొద్దీ జాకీలు పెట్టి ఇంటికి ఇల్లునే మూడు నాలుగు అడుగులు లేపుతున్న దృశ్యాలు నేటి పాఠకులకు కొత్త కాదు. అక్కడ వాడేవి ఎక్కువగా మరజాకీలు. నూనె కారిపోతుందన్న భయం వాటికి లేదు.

ఇక ఎంపిక విషయం. దుకాణదారు మొట్టమొదట చెప్పేది ఎన్ని టన్నులన్న మాట. నిజానికి స్పోర్ట్సు కారు విషయంలో అంతగా ఆలోచించనక్కరలేనిది అదొక్కటే. కారు బరువు టన్నున్నర అనుకుంటే, ఒక ప్రక్క చివరను ఎత్తినప్పుడు జాకీ మీద పడేది అందులో సగానికి మించదు. రెండు టన్నుల జాకీ ధారాళంగా సరిపోతుంది. మూడు టన్నులది కొన్నవాడు దానిని ఈడ్చుకొని తిరగడంలో నడుము నొప్పి తెచ్చుకోవడం తప్ప అదనంగా పొందేది స్వల్పం. అల్యూమినియంతో చేసినవి తేలికగా ఉంటాయి. ఇనుపవి చౌకగా ఉండి, మొరటు వాడకాన్ని తట్టుకుంటాయి.

అసలు కొలవవలసినది ఎత్తు. కారుతో వచ్చే పుస్తకంలో ముద్రించిన సంఖ్యను నమ్ముకొని కొనడం తెలివైన పని కాదు. ఆ సంఖ్య కారు అడుగుభాగంలో అన్నింటికంటె దిగువన ఉన్న చోటును తెలుపుతుంది. జాకీ పెట్టవలసిన చోటు దానికంటె ఎత్తుగానే ఉండవచ్చు, అయితే దానిని చేరే దారిలో ముందు బంపరు పెదవి అడ్డు తగలవచ్చు. కనుక యజమాని స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుండి, టేపు పట్టుకొని, జాకీ ఆనే చోటు నేలకు ఎంత ఎత్తున ఉన్నదో, దారిలో అన్నింటికంటె ఇరుకైన చోటు ఎంతో, అంచు నుండి లోనికి ఎంత దూరం పోవాలో, ఈ మూడూ కొలుచుకోవాలి.

కొలిచిన తరువాత కూడ ఒక మోసం మిగిలే ఉంటుంది. కొలిచేనాడు టైర్లలో గాలి ఉంటుంది. జాకీ అవసరమయ్యేనాడు ఉండకపోవచ్చు. ఉదాహరణకు 245/35 అని ముద్రించిన టైరును తీసుకుందాం. 245 మిల్లీమీటర్ల వెడల్పులో నూటికి 35 వంతులు దాని ప్రక్కగోడ ఎత్తు, అనగా సుమారు 86 మిల్లీమీటర్లు. గాలి పూర్తిగా పోయినప్పుడు ఆ గోడ మడతపడి చక్రం దాదాపు నేల మీదికి దిగుతుంది. ఆ మూల కారు మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగిపోతుంది. మామూలు వేళ పన్నెండు సెంటీమీటర్లున్న ఖాళీ అప్పుడు ఎనిమిదో, తొమ్మిదో అవుతుంది. పది సెంటీమీటర్ల జాకీ కొని సంతోషించినవాడు ఆనాడు మళ్ళీ మొదటికి వస్తాడు. గాలి లేకున్నా కొంతదూరం నడిచేలా గట్టి గోడలతో చేసిన టైర్లున్నవారికి ఈ బాధ తక్కువ. తక్కినవారు గాలి తీసిన టైరుతోనే కొలత వేసుకోవడం మంచిది. ఒక టైరులో గాలి తీసి, కొలిచి, మళ్ళీ నింపడానికి పట్టేది పావుగంట.

ఎత్తు తగ్గినకొద్దీ జాకీ పొడవు పెరుగుతుంది. దీనికి కారణం ఉంది. చేయి దాదాపు నేలబారుగా ఉన్న స్థితిలో బరువు లేపడం కష్టతరం. కూర్చున్నవాడు లేచి నిలబడడం కంటె, సాష్టాంగపడినవాడు బరువుతో లేవడం ఎంత కష్టమో ఇదీ అంతే. కొన్ని కార్లతో ఇచ్చే కత్తెర జాకీ మడిచినప్పుడు తొమ్మిది, పది సెంటీమీటర్లకు దిగుతుంది గనుక అది చాలుననిపిస్తుంది. కాని పూర్తిగా ముడుచుకున్న స్థితిలోనే దాని మరమీద అత్యధికమైన ఒత్తిడి పడుతుంది. పైగా దాని పాదం అరచేతికంటె పెద్దది కాదు. దారిలో ఒక చక్రం మార్చి ఇల్లు చేరడానికి తప్ప అది దేనికీ ఉద్దేశించినది కాదు. తక్కువ ఎత్తు ట్రాలీ జాకీ పొడవుగా ఉండడంలో మరొక సౌకర్యం కూడ ఉంది. జాకీ పొట్టిదైతే కారు ముందుభాగం క్రిందికి పూర్తిగా వెళ్ళిపోయి, పిడి బంపరుకు తగులుతూ ఆడడానికి చోటు ఉండదు. ఒకటి రెండు సెంటీమీటర్లు ఆడించి కూర్చోవలసి వస్తుంది.

అంతా కొలిచినా జాకీ దూరకపోతే, అనుభవజ్ఞులైన మేస్త్రీలు చేసే ఉపాయం ఒకటి ఉంది. నాలుగు సెంటీమీటర్ల మందం గల రెండు చెక్కపలకలను ముందు చక్రాల ఎదుట పరచి, కారును మెల్లగా వాటి మీదికి ఎక్కిస్తారు. ఖరీదైన కారు, ఖరీదైన జాకీ ఉన్నచోట కూడ ఈ చెక్కముక్కలు ఒక మూల పడి ఉండడం గమనించవచ్చు.

జాకీ తల ఎక్కడ ఆనాలన్నది అంతే ముఖ్యం. ఈ కార్ల అడుగున గాలి సాఫీగా పోవడానికి ప్లాస్టిక్ పలకలు బిగించి ఉంటాయి. వాటికి జాకీ ఆనిస్తే పగులుతాయి. తలుపుల దిగువ అంచు వెంబడి తయారీదారు గుర్తుపెట్టిన నాలుగు చోట్లు ఉంటాయి. కొన్ని కార్లలో ఆ చోట గుంట ఉండి, అందులో ఇమిడే రబ్బరు బిళ్ళను వేరుగా కొనుక్కోవలసి వస్తుంది. అల్యూమినియంతోనో కార్బన్ నారతోనో నిర్మించిన కారును ఒక అంగుళం ఇటు అటు పెట్టి లేపితే, ఆ సొట్టను సరిచేయించే ఖర్చుతో పది జాకీలు కొనవచ్చు.

ఈ కార్లకు స్పీడు బ్రేకర్లంటే భయమన్నది తెలిసినదే. ఇందులో తప్పు కారుదా, గుట్టదా అన్న ప్రశ్నకు లెక్క వేసి జవాబు చెప్పవచ్చు. భారత రోడ్ల కాంగ్రెసు 1988లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం గుట్ట 3.7 మీటర్ల వెడల్పున, నడుమ పది సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తఖండంవలె ఉండాలి. రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న చక్రాలు రెండూ దాని మీద ఉన్నప్పుడు, వాటి నడుమ గుట్ట ఉబ్బు అయిదు సెంటీమీటర్లకు లోపే. పది సెంటీమీటర్ల ఖాళీ గల కారు దాని మీద గీతపడకుండా దాటగలదు. మన కాలనీలలో రాత్రికి రాత్రి లేచే నిటారు గట్లకు ఈ ప్రమాణంతో సంబంధం లేదు. అడుగుభాగం గీసుకొని జాకీ ఆనే చోట్లు వంగిపోవడానికి సగం కారణం అవే.

జాకీ క్రింద నేల ఎటువంటిదో చూడనివాడు తక్కినవన్నీ చూచినా ప్రయోజనం లేదు. ట్రాలీ జాకీ తల నిలువుగా లేవదు, గడియారపు ముల్లువలె వంపు తిరుగుతూ లేస్తుంది. కారు కదలదు గనుక, ఆ వంపుకు సరిపడేలా జాకీయే తన చక్రాల మీద ముందుకు దొర్లాలి. సిమెంటు గచ్చు మీద అది ఇట్టే దొర్లుతుంది. వేసవి ఎండకు మెత్తబడిన తారులో, వానకు నానిన మట్టిలో, ఎగుడుదిగుడు రాతిబిళ్ళల మీద దాని చిన్న చక్రాలు దిగబడి నిలిచిపోతాయి. అప్పుడు తల జారుతుంది, కారు దాని మీది నుండి ఒరుగుతుంది. సూరత్ వాసులకు ప్రియమైన డూమస్ తీరపు నల్లని ఇసుకలో కార్లు కూరుకుపోయిన వార్తలు పత్రికలలో కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ ఎంత మంచి జాకీ అయినా కారును పైకెత్తడానికి బదులు తాను క్రిందికి దిగుతుంది. వెడల్పైన పలక వేస్తే తప్ప దానికి కాలూనే చోటు లేదు. ముందు చక్రాలు లేపుతున్నప్పుడు వెనుక చక్రాలకు రెండువైపులా అడ్డు చెక్కలు పెట్టడం కూడ ఈ కారణంగానే. హ్యాండ్ బ్రేకు అనేక కార్లలో వెనుక చక్రాలను మాత్రమే పట్టి ఉంచుతుంది. వెనుకభాగాన్ని గాలిలోనికి లేపినప్పుడు ఆ పట్టు ఉన్నా లేనట్లే.

ఇంతవరకు చెప్పినది సొమ్ముకు సంబంధించినది. ప్రాణానికి సంబంధించినది మరొకటి ఉంది. జాకీ లేపడానికి చేసిన సాధనం, నిలపడానికి చేసినది కాదు. నూనెను పట్టి ఉంచేది లోపలి రబ్బరు పట్టీ ఒక్కటే. మాడ్‌స్లే తోలు గిన్నె నాటి నుండి నేటి వరకు ఈ యంత్రపు ఆయువుపట్టు అదే. అది చిరిగితే ముందుగా చెప్పదు. అందుచేత కారు లేచిన మరుక్షణమే దాని క్రింద ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించి, ఒకమారు ప్రక్కనుండి తోసి చూచి, ఆపైన మాత్రమే మనిషి క్రిందకు దూరాలి. తక్కువ ఎత్తు జాకీ కొనేటప్పుడు గరిష్ఠపు ఎత్తును కూడ అడగవలసిన అవసరం ఇక్కడ వస్తుంది. స్టాండు పట్టేటంత ఎత్తుకు లేపలేని జాకీ, ఎంత పల్లంగా దూరినా, క్రింద పనిచేసేవానికి ఆపదే. నలభై అయిదు సెంటీమీటర్లకైనా లేపేది ఎంచుకోవాలి.

కాని కారు క్రిందకు దూరేది సామాన్యంగా దాని యజమాని కాదు. ఏ పదహారేళ్ళ కుర్రవాడో, అట్టముక్క పరచుకొని, పానా పట్టుకొని వెల్లకిలా జారుకుంటాడు. అతని మీద వేలాడే బరువు టన్నున్నర. మామూలు కారు క్రింద ఇటుకలు, పాత చక్రపు డిస్కులు, కొయ్యదుంగలు పేర్చి గడుపుకొనే అలవాటు మన గ్యారేజీలలో ఉంది. ఇటుక నొక్కుడును కొంత భరిస్తుంది, కాని ఒక మూల మీద బరువు పడినప్పుడు హఠాత్తుగా పగులుతుంది. పైగా ఈ పల్లపు కార్లతో ఊపిరి సలపని ఇరుకు ఒకటి. మామూలు కారు జారితే చక్రం ఉన్నంతవరకు క్రింద కొంత చోటు మిగులుతుంది. చక్రం విప్పిన స్పోర్ట్సు కారు జారితే ఏమీ మిగలదు. విప్పిన చక్రాన్ని ప్రక్కకు దొర్లించివేయకుండా కారు అంచు క్రిందనే పడవేసి ఉంచే పాతకాలపు మేస్త్రీల అలవాటు ఇందువల్లనే వచ్చింది. కోట్ల రూపాయల కారు కొన్నవారు జాకీ ధర వద్ద బేరమాడడం, స్టాండ్లు అసలే కొనకపోవడం వింతగా తోచినా, ఆ పొదుపు ఎవరి రొమ్ము మీద చేస్తున్నారో తలచుకుంటే అది వింత మాత్రమే కాదు.

పందేల కార్ల ప్రపంచంలో జాకీ వైభవం వేరు. 2023 అక్టోబరులో ఖతార్ పందెంలో మెక్‌లారెన్ జట్టు కారును లేపి, నాలుగు చక్రాలూ మార్చి, దింపడానికి తీసుకున్న సమయం 1.80 సెకండ్లు. ఆ జాకీలో నూనె లేదు, ముషలకం లేదు. పొడవైన మీటగడ ఒకటి, దానిని ముక్కు క్రిందికి పోనిచ్చి ఒక్క ఊపున తొక్కిపట్టే మనిషి ఒకడు. రోజంతా సాగే పందేల కార్లలోనైతే జాకీలు కారు లోపలనే ఉంటాయి. గాలిగొట్టం తగిలించగానే కారు తనంతట తానే కాళ్ళు దించి లేచి నిలబడుతుంది. ఇంటి యజమానికి ఈ రెండూ పనికిరావు. అతనికి వేగంతో పనిలేదు, క్రింద మనిషి ఉంటాడు.

కొన్న జాకీ ఏడాదిలో పదకొండు నెలలు మూల పడి ఉంటుంది. దుమ్ము, సముద్రపు గాలి, తేమ దాని పనిని అవి చేసుకుపోతాయి. నూనె తగ్గితే జాకీ నూనెనే పోయాలి. చేతికి అందిందని బ్రేకు నూనె పోసేవారున్నారు, అది లోపలి రబ్బరు పట్టీలను ఉబ్బించి పాడుచేస్తుంది. లోన గాలి చేరితే పిడి మెత్తగా, స్పంజివలె ఆడుతుంది. అప్పుడు మూత వదులుచేసి, బరువు లేకుండా నాలుగైదుసార్లు ఆడించి ఆ గాలిని వెళ్ళగొట్టాలి. సూరత్‌లో వానలు జూన్‌లో మొదలవుతాయి. అంతకుముందే ఒకనాటి ఉదయం జాకీని బయటకు తీసి, కారు ముందుభాగాన్ని ఒక జానెడు లేపి, క్రిందకు ఎవరినీ పోనీయకుండా, అంచుకు నేలకు నడుమ కొలత తీసి వ్రాసుకోవాలి. పావుగంట ఆగి మళ్ళీ కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే పట్టీలు బాగున్నట్లు. అరసెంటీమీటరు తగ్గినా, ఆ జాకీని మరమ్మతుకు పంపవలసిన రోజు అదే.